వేరుగా ఉన్నంతమాత్రాన విడాకులు కావు

మహబూబాబాద్: దంపతులు విడిపోయి పదేళ్లు దాటింది. ఆమె పుట్టింట్లో కూలి పనులు చేసుకుంటూ పిల్లలను సాకుతోంది. అతడు పట్నంలో వేరే కాపురం పెట్టాడు. పెద్దమనుషుల సమక్షంలో వంద రూపాయల స్టాంపు కాగితంపై ఒప్పందం కూడా రాసుకున్నారు. ఊరివారి లెక్కలో ఆ బంధం ఏనాడో తెగిపోయింది. చట్టం లెక్కలో మాత్రం వారు నేటికీ భార్యాభర్తలే. జిల్లాలోని ఏ మండలానికి వెళ్లినా ఇటువంటి కుటుంబాలు కనిపిస్తాయి. ఎన్నేళ్లు వేరుగా ఉంటే విడాకులు వచ్చినట్లు అన్న ప్రశ్నకు ఊళ్లలో రెండేళ్లని ఒకరు, ఏడేళ్లని మరొకరు చెబుతుంటారు. అసలు సమాధానం ఒక్కటే. ఎన్నేళ్లు వేరుగా ఉన్నా న్యాయస్థానం డిక్రీ ఇవ్వనిదే, లేదా చట్టం గుర్తించే కులాచారం రుజువు కానిదే వివాహం రద్దు కాదు. చట్టంలో చెప్పిన ఏడాది, రెండేళ్లు, ఏడేళ్లు అన్న గడువులన్నీ కోర్టు గడప తొక్కేందుకు అర్హతనిచ్చేవే తప్ప, వాటంతట అవి విడాకులిచ్చేవి కావు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. విడాకుల డిక్రీ లేకుండా మరో పెళ్లి చేసుకుంటే హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. పైగా అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. భూమి గల వ్యక్తి మరణిస్తే విరాసత్ కోసం ఇద్దరు స్త్రీలు తహసీల్దారు కార్యాలయానికి రావడం, సింగరేణి కార్మికుడు మరణిస్తే రికార్డులో ఉన్న భార్య ఒకరు, ఇంట్లో ఉన్న భార్య మరొకరు కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అటువంటి వివాదాల్లో చివరకు తేలాల్సింది మొదటి వివాహం చట్టప్రకారం రద్దయిందా లేదా అన్నదే. రెండో వివాహం చెల్లకపోయినా ఆ సంతానం మాత్రం హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వారికి హక్కు ఉంటుంది.

రాష్ట్రంలో 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఇస్తున్నారు. భర్త వదిలేసిన వారికి ఆ పింఛను మంజూరైనంత మాత్రాన విడాకులైనట్లు కాదు. పింఛను పుస్తకం గానీ, పంచాయతీ కార్యదర్శి రాసిచ్చే ధ్రువీకరణ గానీ విడాకుల పత్రం కింద చెల్లవు.

ఇద్దరూ ఒప్పుకుంటే ఏడాదిన్నర

విడాకుల్లో అన్నింటికంటే దగ్గరి దారి పరస్పర అంగీకారం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఈ వెసులుబాటు మొదట లేదు. 1976 సవరణతో 13-బి సెక్షన్ చేరింది. దీని ప్రకారం దంపతులు కనీసం ఏడాదిగా వేరుగా ఉంటుండాలి. కలిసి కాపురం చేయలేకపోయామని, వివాహం రద్దుకు ఇద్దరమూ అంగీకరించామని ఉమ్మడి పిటిషన్‌లో చెప్పాలి. పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు మరోసారి ఇద్దరూ కోర్టుకు హాజరై అదే మాట చెబితే న్యాయమూర్తి విచారించి డిక్రీ ఇస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2024 జూన్ 10న విడిపోయిన దంపతులు 2025 జూన్ 16న ఉమ్మడి పిటిషన్ వేశారనుకుంటే, రెండో దఫా హాజరు 2025 డిసెంబరు 16 నుంచి సాధ్యమవుతుంది. 2026 డిసెంబరు 16 లోపు ఆ పని పూర్తి చేయాలి. ఆ గడువును ఊరికే వదిలేస్తే మొదటి పిటిషన్ నిష్ఫలమయ్యే ప్రమాదం ఉంది. మొదటి సంతకంతోనే పని అయిపోయిందనుకుని మళ్లీ కోర్టుకు వెళ్లని వారు ఉంటారు. పెళ్లి తంతులో మూడు ముళ్లకు ఎంత ప్రాధాన్యమో ఈ తంతులో రెండో సంతకానికి అంత ప్రాధాన్యం.

వేరుగా ఉండడం అంటే వేర్వేరు ఊళ్లలో ఉండాలని అర్థం కాదు. ఒకే ఇంటి కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే వేరుగా ఉన్నట్లేనని సుప్రీంకోర్టు 1991లో స్పష్టం చేసింది. ఇల్లు రెండు వాటాలు చేసుకుని ఒకే వాకిట్లో ఉంటున్న వారికి ఇది వర్తిస్తుంది. అదే తీర్పులో మరో ముఖ్యమైన మాట ఉంది. మొదటి సంతకం నాటి అంగీకారం డిక్రీ ఇచ్చేదాకా నిలవాలి. నడుమ ఒకరికి మనసు మారితే ఇక ఆ పిటిషన్‌పై విడాకులు ఇవ్వడం కుదరదు. అందువల్లనే అనుభవమున్న న్యాయవాదులు ఒప్పందం సొమ్మును ఒకేసారి ఇప్పించరు. కొంత మొదటి దఫాలో, మిగిలింది రెండో దఫాలో కోర్టు ఎదుటే చెల్లించేలా రాయిస్తారు.

ఆరు నెలల నిరీక్షణను కోర్టు మాఫీ చేయవచ్చా? చేయవచ్చునని 2017 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అడిగిన వారికల్లా అది దక్కదు. మొదటి పిటిషన్ నాటికే ఏడాదిన్నరకు పైగా వేరుగా ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ తేలిపోయి ఉండాలి. ఇంకా ఆగడం వల్ల బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేదని న్యాయమూర్తికి తోచాలి. మొదటి పిటిషన్ వేసిన వారం తర్వాత మాఫీ కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇవి కొలబద్దలే గాని తు.చ. తప్పక పాటించాల్సిన షరతులు కావని 2021లో మరో తీర్పు వచ్చింది. పై ఉదాహరణలోని దంపతులు ఏడాది మాత్రమే వేరుగా ఉన్నారు గనుక వారికి మాఫీ దొరకడం కష్టం.

ఉమ్మడి పిటిషన్‌లో ఏమేం రాయాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. శాశ్వత భరణం ఎంత, బంగారం ఎవరిది, పెళ్లిలో పెట్టిన సామాను ఎప్పుడు తిరిగి ఇస్తారు, పిల్లలు ఎవరి వద్ద ఉంటారు, రెండో వారు ఎప్పుడెప్పుడు చూడవచ్చు, పెండింగులో ఉన్న కేసుల సంగతేమిటి అన్నవన్నీ తేదీలతో సహా రాయించుకోవాలి. వరకట్న వేధింపుల కేసు నడుస్తుంటే ఠాణాలో రాజీ పత్రం రాసుకున్నంత మాత్రాన అది మూసుకుపోదు. న్యాయవాది సలహాతో వేరుగా ప్రక్రియ చేపట్టాల్సి ఉంటుంది.

ఒకరు కాదంటే రెండేళ్లు

ఒకరు విడాకులు కోరుతూ మరొకరు ససేమిరా అన్నప్పుడు 13వ సెక్షన్ కింద కారణం చూపాలి. వ్యభిచారం, క్రూరత్వం, విడిచిపెట్టి వెళ్లడం, మతం మార్పు, నయంకాని తీవ్ర మానసిక రుగ్మత, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా జాడ లేకపోవడం అన్నవి ఆ కారణాలు. కుష్ఠువ్యాధి కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తొలగించింది.

ఊళ్లలో చెప్పే రెండేళ్ల లెక్క విడిచిపెట్టడానికి సంబంధించినది. పిటిషన్ వేసే నాటికి వరుసగా రెండేళ్ల పాటు, సరైన కారణం లేకుండా, రెండో వారి ఇష్టానికి వ్యతిరేకంగా వదిలి ఉండాలి. నడుమ మళ్లీ ఇద్దరూ మనసు కలిపి కాపురం మొదలుపెడితే లెక్క తెగిపోతుంది. తిరిగి విడిపోయిన నాటి నుంచి కొత్తగా రెండేళ్లు లెక్కించాలి. పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్, ముంబయి, గల్ఫ్ వెళ్లిన భర్త నెలనెలా డబ్బు పంపుతుంటే అది విడిచిపెట్టడం కాదు. ఇక కాపురం చేయనన్న ఉద్దేశం ఉండాలి. అది రుజువు చేయాల్సిన భారం పిటిషనర్‌దే. కొట్టి వెళ్లగొట్టిన వాడు తన భార్య తనను విడిచివెళ్లిందని కోర్టులో చెప్పుకోలేడు. చేసిన తప్పు నుంచి లాభం పొందనీయరాదని ఇదే చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. అటువంటి సందర్భంలో ఇల్లు దాటింది భార్యే అయినా, విడిచిపెట్టిన వాడు భర్తేనని న్యాయస్థానాలు పరిగణిస్తాయి.

క్రూరత్వానికి మాత్రం ఇన్నేళ్లు అన్న లెక్క లేదు. కాకపోతే ఏ కారణంపైనైనా పెళ్లయిన ఏడాది వరకు విడాకుల పిటిషన్ వేయడానికి వీల్లేదు. భరించరాని కష్టం ఉందని చూపితే కోర్టు ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చు.

బంధం ఇక బాగుపడే అవకాశమే లేదు, అందువల్ల విడాకులివ్వండి అని అడిగేందుకు వీలుందా? హిందూ వివాహ చట్టంలో అటువంటి కారణం నేటికీ లేదు. దాన్ని చేర్చాలని సుప్రీంకోర్టు 2006లో కేంద్రానికి సిఫార్సు చేసింది. 2013లో రాజ్యసభ బిల్లును ఆమోదించినా అది చట్టం కాలేదు. ఈ లోటు ఎంత బాధ తెచ్చిపెడుతుందో చెప్పడానికి ఒక తెలుగు దంపతుల కేసు చాలు. వారి పెళ్లి 1999 ఏప్రిల్ 25న జరిగింది. రెండు రోజులకే పెద్దల మధ్య తగాదా వచ్చి విడిపోయారు. ఆపై కేసుల మీద కేసులు నడిచాయి. కుటుంబ న్యాయస్థానం 2002లో విడాకులిచ్చింది. హైకోర్టు 2006లో దాన్ని కొట్టివేసింది. చివరకు 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు విడాకులు ఖరారు చేస్తూ భార్యకు రూ.15 లక్షల శాశ్వత భరణం చెల్లించాలని ఆదేశించింది. రెండు రోజుల పెళ్లికి దాదాపు పద్నాలుగేళ్ల వ్యాజ్యం. అంతకాలం వేరుగా ఉన్నా, ఆ కారణం ఒక్కటే చాలలేదు. మానసిక క్రూరత్వం జరిగిందని తేల్చి, దాని ఆధారంగానే విడాకులివ్వాల్సి వచ్చింది. ఇటువంటి తగాదాలు ముదరక మునుపే మధ్యవర్తిత్వ కేంద్రాలకు పంపాలని కుటుంబ న్యాయస్థానాలకు సూచించింది కూడా ఈ తీర్పే.

2023 మే 1న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మరో మాట చెప్పింది. బంధం పూర్తిగా తెగిపోయిందని నమ్మితే, ఒకరు ఒప్పుకోకపోయినా రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు విడాకులివ్వవచ్చు. అది సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న విచక్షణాధికారం. జిల్లా కోర్టు గానీ, హైకోర్టు గానీ దాన్ని వాడలేవు. కింది కోర్టులను వదిలేసి నేరుగా ఢిల్లీలో రిట్ వేసి విడాకులు కోరడమూ కుదరదు.

కాపురానికి రమ్మన్న కేసే విడాకులకు దారి

విడాకులు అడగకుండా, భార్యను లేదా భర్తను కాపురానికి పంపించమని కోర్టును కోరే వీలు 9వ సెక్షన్‌లో ఉంది. ఈ సెక్షన్‌కు మన హైకోర్టుతో ముడిపడిన చరిత్ర ఉంది. సినీనటి సరితపై ఆమె భర్త కడప కోర్టులో ఇటువంటి కేసు వేయగా, అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపాలనడం ఆమె ఆంతరంగిక స్వేచ్ఛకు భంగకరమంటూ జస్టిస్ పి.ఎ.చౌదరి 1983లో ఆ సెక్షన్‌నే కొట్టివేశారు. మరుసటి ఏడాది వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. దాంతో సెక్షన్ నిలిచింది.

కాపురం చేయాలని డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి ఎవరినీ చేయిపట్టి తీసుకువెళ్లరు. కానీ డిక్రీ తర్వాత ఏడాది పాటు ఇద్దరూ కలవకపోతే, ఇద్దరిలో ఎవరైనా ఆ ఒక్క కారణంతో విడాకులు కోరవచ్చు. చట్టబద్ధంగా వేరుగా ఉండేందుకు అనుమతించే జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీకి కూడా ఇదే ఏడాది లెక్క వర్తిస్తుంది. ఈ రెండూ గాక, భార్యకు ప్రత్యేకంగా మరో వీలుంది. ఆమెకు భరణం ఇవ్వాలని కోర్టు ఆదేశించిన తర్వాత ఏడాది పాటు కాపురం మళ్లీ మొదలు కాకపోతే దాని ఆధారంగా ఆమె విడాకులు పొందవచ్చు. భరణం ఉత్తర్వు చేతిలో ఉండి ఏళ్ల తరబడి పుట్టింట్లో ఉంటున్న స్త్రీలు ఎందరికో ఈ సంగతి తెలియదు.

అందుకే కాపురానికి రమ్మని నోటీసు వచ్చినప్పుడు దాన్ని చింపి పారేయడం ప్రమాదం. అది ప్రేమతో వచ్చిన పిలుపు కావచ్చు, ఏడాది తర్వాతి విడాకులకు వేసిన పునాదీ కావచ్చు.

పెద్దమనుషుల కాగితానికి విలువెంత

పల్లెల్లో విడాకుల తీర్పులు ఎక్కువగా కోర్టులో కన్నా రచ్చబండ వద్దే జరుగుతున్నాయి. ఇచ్చిపుచ్చుకోవడాలు లెక్కగట్టి, కాగితం రాసి, ఇరువైపులా సంతకాలు చేయించి, ఇకపై ఒకరి జోలికి ఒకరు పోరాదని తీర్మానిస్తారు. కొందరు దాన్ని నోటరీ కూడా చేయిస్తారు. నోటరీ ముద్ర సంతకం ఫలానా వారిదేనని చెబుతుంది తప్ప పెళ్లిని రద్దు చేయదు.

అలాగని ఆచారాన్ని చట్టం పూర్తిగా కాదనలేదు. 29వ సెక్షన్ రెండో ఉపవిభాగం కులాచారం ప్రకారం విడాకులు పొందే హక్కును కాపాడింది. తెలంగాణలో అనేక కులాల్లో మారుమనువు ఆచారం తరతరాలుగా ఉన్నదే. కానీ ఆ ఆచారం అనాదిగా, ఎడతెగకుండా, అందరికీ ఒకే విధంగా అమల్లో ఉన్నదని, ప్రజానీతికి విరుద్ధం కాదని రుజువు చేయాలి. ఆచారాన్ని పిటిషన్‌లో ప్రత్యేకంగా పేర్కొని సాక్ష్యంతో నిరూపించాల్సిందేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. పంచాయితీలో విడాకులైపోయాయన్న వాదనను రుజువు లేదంటూ 2010లో తోసిపుచ్చింది. ఆ రుజువు భారం ఎవరిపై పడుతుందో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత భర్త చనిపోయి పింఛను కోసమో, భూమి కోసమో తగాదా వచ్చేసరికి, సంతకాలు చేసిన పెద్దమనుషుల్లో ఎవరు బతికి ఉంటారో తెలియదు.

పెద్దమనుషుల పాత్ర అనవసరమని కాదు. ఇచ్చిపుచ్చుకోవడాలు వారి వద్ద తేల్చుకుని, ఆ ఒప్పందాన్నే 13-బి పిటిషన్‌గా మార్చి కోర్టులో వేస్తే ఖర్చు, కాలం రెండూ కలిసివస్తాయి. జిల్లాలో అందరికీ పనికొచ్చే పద్ధతి ఇదేనని ఈ విలేకరి అభిప్రాయం.

తండాల్లో, గూడేల్లో లెక్క వేరు

జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. వారిలో లంబాడీలు ఎక్కువ. కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం వైపు కోయలు ఉన్నారు. హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అంటే పైన చెప్పిన ఏడాది, రెండేళ్ల గడువులు అక్షరాలా చూస్తే వారివి కావు. వారి పెళ్లికీ విడాకులకూ తెగ ఆచారమే చట్టం. తండాలో నాయక్, కార్భారి, గూడెంలో కుల పెద్దలు చేసే తీర్పు ఆ మేరకు ఇతర కులాల పంచాయితీ కంటే బలమైనది. ఇక్కడా ఆచారం ఏమిటన్నది వివాదమైతే రుజువు చేయాల్సిందే.

లంబాడీలకు తెలంగాణలో ఎస్టీ హోదా 1976 నాటి చట్టంతో వచ్చింది. పురోహితుడిని పిలిచి, ఏడడుగులు వేసి, హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకునే కుటుంబాలు వారిలో నేడు అనేకం. అటువంటి జంటలు విడాకులకు వస్తే ఎస్టీలన్న కారణంతో పిటిషన్ తిప్పిపంపిన సందర్భాలు ఉన్నాయి. హిందూ ఆచారాల ప్రకారం పెళ్లి చేసుకున్న గిరిజన దంపతులను చట్టం వెలుపల నిలబెట్టరాదని ఢిల్లీ హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. హిందూ సంప్రదాయాలు పాటించే లంబాడీ జంటను కులపెద్దల వద్దకే వెళ్లమనడం తగదని తెలంగాణ హైకోర్టు సైతం 2024లో పేర్కొంది. కాబట్టి పిటిషన్‌లో పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో స్పష్టంగా రాయించడం, పెళ్లి పత్రిక, ఫొటోలు జతపరచడం వీరికి మిగతావారికంటే ముఖ్యం. ఆచారం ప్రకారం ఇప్పటికే విడిపోయినవారు, ఆ విడాకులు చెల్లుతాయని ప్రకటించాలంటూ దావా వేయవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల వారు ఏ కోర్టుకు వెళ్లాలన్నది ముందే న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి.

గిరిజన స్త్రీకి ఇందులో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఒక గిరిజన మహిళ వేసిన కేసు 2001లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. హిందూ వివాహ చట్టం వారికి వర్తించదని, రెండో పెళ్లి చెల్లదనే ఆచారం తెగలో ఉందని ఆమె రుజువు చేయలేదని ఆ కేసు నిలవలేదు. అయితే భరణం చట్టానికి, 2005 నాటి గృహహింస చట్టానికి కులం, తెగ, మతం అడ్డు రావు. వదిలేసిన భర్త నుంచి భరణం కోరే హక్కు తండాలోని స్త్రీకి ఎవరితోనైనా సమానంగా ఉంటుంది.

ఇతర మతాల వారికి

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. 2001 సవరణతో వారికీ పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి గాని, 10-ఎ సెక్షన్ రెండేళ్లు వేరుగా ఉండాలంటోంది. మిగతావారికి ఏడాది ఉండగా వీరికే రెండేళ్లు ఎందుకంటూ కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదిగా చదువుకోవాలని చెప్పింది. ఇక్కడి కోర్టుల్లో ఆ తీర్పును వాదనకు ఉపయోగించుకోవచ్చు. రిజిస్ట్రారు ఎదుట ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి మతం ఏదైనా 28వ సెక్షన్ ప్రకారం ఏడాదే.

ముస్లిం స్త్రీలు 1939 నాటి చట్టం కింద కోర్టులో విడాకులు కోరవచ్చు. భర్త జాడ నాలుగేళ్లుగా తెలియకపోయినా, రెండేళ్లుగా పోషించకపోయినా అది తగిన కారణమే. భార్య కోరే ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు. అలా చెప్పిన భర్తకు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఏ కోర్టులో, ఏ కాగితాలతో

పెళ్లి జరిగిన చోటు, చివరగా కలిసి ఉన్న చోటు, ఎదుటి పక్షం నివసిస్తున్న చోటు, వీటిలో దేనికి సంబంధించిన కోర్టులోనైనా పిటిషన్ వేయవచ్చు. 2003 సవరణతో భార్యకు మరో వెసులుబాటు వచ్చింది. ఆమె ప్రస్తుతం ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు. తొర్రూరులో పెళ్లయి, హైదరాబాద్‌లో కాపురం చేసి, గొడవలతో మరిపెడలోని పుట్టింటికి వచ్చిన స్త్రీ మహబూబాబాద్ కోర్టులోనే పిటిషన్ వేయవచ్చన్నమాట. భర్త దూరాన కేసు వేస్తే దాన్ని దగ్గరి కోర్టుకు బదిలీ చేయమని హైకోర్టును కోరవచ్చు.

2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడినా, జిల్లా న్యాయస్థానం రావడానికి 2022 జూన్ 2 వరకు వేచి చూడాల్సి వచ్చింది. ఆనాడు రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలను ప్రారంభించారు. జనగామ, భూపాలపల్లి కూడా ఆ వరుసలోనివే. ప్రత్యేక కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట విడాకుల కేసులు అక్కడికే వెళ్తాయి. లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టు విచారిస్తుంది.

పెళ్లికి లక్షలు ఖర్చుపెట్టి ఆల్బం చేయించుకునే వారిలో పెళ్లి ధ్రువపత్రం తీసుకునేవారు తక్కువ. 2002 నాటి చట్టం ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలోనే వివాహ నమోదు తప్పనిసరి అయింది. ధ్రువపత్రం లేకపోతే పెళ్లి పత్రిక, ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆహార భద్రత కార్డు పనికొస్తాయి. ఎప్పటి నుంచి వేరుగా ఉంటున్నారో చూపే ఆధారాలే ఈ కేసుల్లో కీలకం. పంచాయితీ తీర్మానం, పోలీసు ఫిర్యాదు, సఖి కేంద్రంలో కౌన్సెలింగ్ పత్రం, లాయర్ నోటీసు, ఫోన్ సందేశాలు వంటివి పారేయకుండా భద్రపరచుకోవాలి. విడాకుల కాగితంగా చెల్లని పెద్దమనుషుల ఒప్పందమే, విడిపోయిన తేదీకి సాక్ష్యంగా పనికిరావచ్చు.

నోటీసు అందిన నాటి నుంచి ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని 21-బి సెక్షన్ చెబుతోంది. వాస్తవంలో పోటీ పడిన కేసులు ఏళ్లు పట్టడం కోర్టు ఆవరణలో వాయిదాలకు తిరిగే ఎవరినడిగినా చెబుతారు. నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే కేసు ఆగుతుందన్న భ్రమ కొందరికి ఉంది. అటువంటప్పుడు ఎదుటి పక్షం లేకుండానే విచారించి డిక్రీ ఇచ్చేస్తారు. దాన్ని రద్దు చేయించుకోవాలంటే సరైన కారణంతో 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. నోటీసు సక్రమంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ గడువు లెక్కిస్తారు.

కేసు నడిచినంతకాలం

విడాకుల తీర్పు వచ్చేదాకా తిండికీ వాయిదాల ఖర్చుకూ ఇబ్బంది పడాల్సిన అవసరం లేదు. 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం కోరవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో ఆ దరఖాస్తు తేల్చేందుకు కోర్టు ప్రయత్నించాలి. విడాకుల కేసుతో సంబంధం లేకుండా మేజిస్ట్రేటు వద్ద భరణం కోరే పాత 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. విడాకులు పొందిన తర్వాత కూడా, మరో పెళ్లి చేసుకోనంతవరకు, తనను తాను పోషించుకోలేని స్త్రీకి ఆ హక్కు ఉంటుంది. ఇరువురూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించాలని, దరఖాస్తు చేసిన నాటి నుంచే భరణం లెక్కించాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు నిర్దేశించింది. అయిదేళ్ల లోపు పిల్లలు సాధారణంగా తల్లి వద్దే ఉండాలని చట్టం చెబుతోంది. ఆపై వయసు వారి విషయంలో పిల్లల మేలే ప్రధానం.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేమని వెనుకంజ వేయాల్సిన పనిలేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. హింస ఎదుర్కొంటున్న స్త్రీలకు 181 నంబరు ఉంది.

డిక్రీ చేతికొచ్చాక

డిక్రీ వచ్చిన మరునాడే రెండో పెళ్లి ముహూర్తం పెట్టుకోవడం తగదు. అప్పీలు గడువు ముగిసిన తర్వాత, లేదా వేసిన అప్పీలు కొట్టివేసిన తర్వాతే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 15వ సెక్షన్ చెబుతోంది. అప్పీలుకు హిందూ వివాహ చట్టంలో 90 రోజులు, కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులు అని ఉంది. తీర్పును సవాలు చేయదలచిన వారు 30 రోజుల్లోనే కదలడం, మళ్లీ పెళ్లి తలపెట్టిన వారు 90 రోజులూ దాటేదాకా ఆగడం క్షేమం. ఆ తర్వాత కూడా అప్పీలు ఏదైనా దాఖలైందేమో న్యాయవాది ద్వారా విచారించి, డిక్రీ సర్టిఫైడ్ నకలు రెండు మూడు తీసి పెట్టుకోవాలి. ఆధార్, ఆహార భద్రత కార్డు, బ్యాంకు ఖాతా నామినీ, ఉద్యోగుల సర్వీసు రికార్డుల్లో మార్పులకు ఆ నకలే అడుగుతారు.